గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ పోతుంటే ముందు నీళ్ల దారి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సోనాపురం దగ్గర బాహుదా మొగలోంచి వేటకెళ్లే 29 అడుగుల ఫైబర్ బోటు, మీ నాన్నగారు కొన్న 15 హెచ్‌పీ రెండు సిలిండర్ల పాత టూ స్ట్రోక్ మోటారు. ఏడాదిలో హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్ల మీది తలకాయ (హెడ్) కింద సందు మూసే పలచటి పొర, రెండుసార్లు పోయింది. పైలట్ నీళ్లు, అంటే మోటారు పక్క చిన్న రంధ్రంలోంచి చిమ్మే నీళ్లు, వస్తున్నాయి గానీ చెయ్యి పెట్టలేనంత వేడిగా, మధ్యమధ్య బుడగలతో వస్తున్నాయి. వేట నిషేధం వల్ల జూన్ 14 దాకా బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది కాబట్టి ఈలోపు నువ్వే విప్పి గ్యాస్కెట్లన్నీ మార్చేద్దామనుకుంటున్నావు. కారకుండా ఏ సిలికాన్ పేస్టు రాస్తే నిలుస్తుందని అడిగావు.

సిలికాన్ సంగతి తర్వాత చెబుతాను. గ్యాస్కెట్ దానంతటది పోలేదు. తలకాయ వేడెక్కింది కాబట్టి పోయింది. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హెడ్ అల్యూమినియం, దాన్ని పట్టుకున్న బోల్టులు ఉక్కువి. మోటారు హద్దు దాటి కాగినప్పుడు హెడ్ ఉబ్బుతుంది, బోల్టులు దానికి సరిపడా సాగవు, మధ్యలో ఉన్న గ్యాస్కెట్ నలిగిపోతుంది. చల్లారాక హెడ్ మామూలు స్థితికి వస్తుంది, నలిగిన గ్యాస్కెట్ మాత్రం తిరిగి పొంగదు. అక్కడ సందు పడుతుంది. ఆ సందులోంచి మంట మోటారును చల్లబరిచే నీళ్ల దారిలోకి పోతుంది, నువ్వు చూసిన బుడగలు అవే. ఎందుకు కాగిందో తేల్చకుండా ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా మూడోసారీ ఇదే కథ.

గోపాలపురంలో ఈ మోటార్ల పని మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటాక, ఇసుకలో కూరుకుపోయి ఉప్పునీళ్లు మింగిన మోటార్లు మా షెడ్డు ముందు వరసగా పడి ఉండేవి. నీళ్ల దారులు ఎక్కడెక్కడ మూసుకుపోతాయో నాకు బాగా తెలిసింది ఆ రోజుల్లోనే. అయినా ఆ తర్వాత కూడా ఒక మోటారు దగ్గర దెబ్బతిన్నాను. అది చెబితే నీకు పనికొస్తుంది.

ఆర్యపల్లి నుంచి వచ్చిన మోటారు అది. ఒకే సీజన్లో రెండుసార్లు వేరేచోట హెడ్ గ్యాస్కెట్ మార్చారు. మూడోది నేను వేశాను. డ్రమ్ములో పెట్టి పావుగంట నడిపితే పైలట్ నీళ్లు ధారగా వచ్చాయి, హెడ్ కూడా చల్లగానే ఉంది. సంతోషంగా పంపించాను. వారం తిరక్కుండా వెనక్కి తెచ్చారు. ఆ పడవలో నలుగురు మనుషులు సముద్రంలో మోటారు ఆగిపోయి మధ్యాహ్నం దాకా తెడ్డేసుకుంటూ ఒడ్డుకొచ్చారని తెలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ప్రొపెల్లర్ ఉండే కింది గేరుకేసు దించి, నీళ్ల గొట్టం బయటికి లాగి, నేల మీద తట్టాను. బొటనవేలి గోరంత నల్ల రబ్బరు ముక్క రాలిపడింది. గట్టిపడి, ఒక అంచు అరిగి ఉంది. నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం ఇంపెల్లర్, దాని రెక్క అది. అంతకుముందెప్పుడో ఎవరో కొత్త ఇంపెల్లర్ వేసి, పాతదానికి రెక్కలు అన్నీ ఉన్నాయో లేదో చూడకుండా పారేశారు. ఆ ముక్క గొట్టంలోనే ఉండిపోయింది. మోటారు నెమ్మదిగా తిరుగుతుంటే ముక్క కిందికి జారి పక్కకు ఒదిగేది, నీళ్లు పోయేవి. సముద్రంలో పూర్తి స్పీడు పెడితే నీళ్ల ఒత్తిడికి పైకెక్కి వంపు దగ్గర అడ్డం పడేది. డ్రమ్ములో నెమ్మదిగా తిప్పి చూసిన పరీక్ష ఇలాంటి తప్పును పట్టుకోలేదు.

కాబట్టి పైలట్ నీళ్లు వస్తున్నాయంటే పంపు కొంత నీటిని తోస్తోందని మాత్రమే అర్థం. తలకాయలోని అన్ని దారుల్లోనూ కావలసినంత నీరు తిరుగుతోందని కాదు.

ఇక పని. హెడ్ విప్పకముందే రెండు విషయాలు చూసి రాసిపెట్టుకో. రెండు ప్లగ్గులూ తీసి పక్కపక్కన పెట్టు. ఒకటి మామూలుగా గోధుమరంగు మసితో ఉండి, రెండోది కడిగినట్టు తెల్లగా ఉంటే నీళ్లు పడుతున్నది ఆ సిలిండర్లోనే. తర్వాత సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి చూడు. రెండు ప్లగ్గులూ తీసే ఉండాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉండాలి, స్పార్కు రాకుండా స్టాప్ స్విచ్చి తాడు లాగేసి ఉండాలి. అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది శాతం మించి తేడా ఉంటే కారణం ఒక్క గ్యాస్కెట్టే కాకపోవచ్చు, వేడికి పిస్టన్ గీసుకుపోయి ఉండొచ్చు. హెడ్ తీశాక సిలిండర్ గోడ మీద నిలువు గీతలు గోటికి తగులుతున్నాయేమో చూడు. గోరు పట్టేంత లోతుగా ఉంటే ఆ సిలిండరు లోపలి గోడ తొలిపించడానికి బోరింగుకు వెళ్లాల్సిందే. అలాంటిదాని మీద కొత్త గ్యాస్కెట్ వేయడం డబ్బు దండగ.

పని కిందినుంచి మొదలుపెట్టు. అందరూ పైన హెడ్ దగ్గర మొదలుపెడతారు, నేను మాత్రం పంపు చూడకుండా హెడ్ ముట్టుకోను. గేరుకేసు బోల్టులు విప్పేటప్పుడు కొన్ని మోడళ్లలో ట్రిమ్ ట్యాబ్ (ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న రెక్క) కింద ఒక బోల్టు దాగి ఉంటుంది. అది తెలియక కేసును సుత్తితో కొట్టి పగలగొట్టిన వాళ్లను చూశాను. గేరు రాడ్డు కలుపు విప్పడం మరిచిపోకు, అది ఏ గేరులో ఉండగా విప్పావో గుర్తుపెట్టుకుని అదే గేరులో బిగించాలి.

పంపు గిన్నె తీశాక ఇంపెల్లర్‌ని చేతిలోకి తీసుకుని చూడు. రెక్కలు నిటారుగా నిలవకుండా ఒకే పక్కకు వంగి ఉండిపోయాయంటే దాని పని అయిపోయింది, చిరగకపోయినా సరే. రెక్కల మొదళ్లలో పగుళ్లు, కొసలు అరిగి నునుపెక్కడం, మధ్య ఇత్తడి బుష్ రబ్బరు నుంచి ఊడి జారడం, ఇవన్నీ మార్చాల్సిన గుర్తులే. మన తీరం ఇసుక తీరం. కెరటాల్లోంచి బోటు దింపేటప్పుడు, ఎక్కించేటప్పుడు మోటారు ఇసుక కలిసిన నీళ్లు పీలుస్తుంది. కంపెనీ పుస్తకాల్లో ఏ లెక్క రాసినా, మన దగ్గర ఏడాదికోసారి ఇంపెల్లర్ మార్చమనే నేను చెబుతాను. ఇంపెల్లర్ ఒక్కటే కాదు, దాని కింద ఉండే స్టీలు పలక, గిన్నె లోపలి స్టీలు పొర కూడా వేలితో తడిమి చూడు. గాడి పడి ఉంటే కొత్త రెక్క కూడా ఆ గాడిలోంచి నీళ్లు వదిలేస్తుంది. కిట్టు మొత్తం కొను. షాఫ్టు మీద కూర్చునే చిన్న తాళపు ముక్క, నీళ్ల గొట్టం మూతికి ఉండే రబ్బరు, పలక కింది కాగితం గ్యాస్కెట్ అన్నీ అందులో వస్తాయి. బరంపురం బజారులో సగం ధరకు దొరికే నకిలీ ఇంపెల్లర్లు కూడా ఉన్నాయి. వాటి రబ్బరు కొద్ది నెలల్లోనే గట్టిపడిపోతోంది. ఈ ఒక్క సామాను దగ్గర బేరం చూడకు.

కొత్తది ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు రాసి, గిన్నెను కిందికి నొక్కుతూ షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం తిరిగే దిక్కులో తిప్పు. రెక్కలు ఆ దిక్కుకు అనుగుణంగా వంగి కూర్చుంటాయి. ఆ తర్వాత ఎప్పుడూ ఫ్లైవీల్‌ని వెనక్కి తిప్పకు, రెక్కలు తిరగబడతాయి. షాఫ్టు పైకొన పళ్లకు పక్కల నీళ్లకు కరగని గ్రీజు రాయి, కొస మీద మాత్రం పూయకు. కొస మీద గ్రీజు ముద్ద ఉంటే షాఫ్టు పూర్తిగా లోపలికి కూర్చోదు, గేరుకేసు బలవంతంగా బిగుసుకుంటుంది.

ఇంకో మాట. గేరుకేసు చేతికొచ్చింది కదా అని గేరు ఆయిలు కూడా దించు. పాలలా తెల్లగా వస్తే కింది సీళ్లలోంచి నీళ్లు చేరుతున్నాయన్నమాట. కొత్త ఆయిలు కింది రంధ్రం నుంచి ఎక్కించాలి, పైరంధ్రం నుంచి బయటికి వచ్చేదాకా. ఆ రెండు స్క్రూల కింద ఉండే చిన్న వాషరు గ్యాస్కెట్లు ప్రతిసారీ కొత్తవే వెయ్యాలి. అవి రూపాయల్లో ఉంటాయి, లోపలి గేర్లు వేలల్లో.

ఇప్పుడు నీళ్ల గొట్టం. బయటికి తీసి, తట్టి, ఒక పక్క నుంచి వెలుతురులోకి చూడు. తర్వాత పాత ఇంపెల్లర్‌ని కొత్తదాని పక్కన పెట్టి రెక్కలు లెక్కపెట్టు. ఒక్కటి తక్కువైనా, చివర ముక్క ఊడినా, ఆ ముక్క దొరికేదాకా పని ముందుకు జరపొద్దు.

తర్వాత థర్మోస్టాట్, అంటే మోటారు వేడెక్కాకే తెరుచుకుని నీళ్లు వదిలే చిన్న మూత. చాలామంది మన దగ్గర మోటారు కాగితే మొదట చేసే పని థర్మోస్టాట్ పీకి పారేయడం. ఈ పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. అది లేకపోతే మోటారు ఎప్పుడూ చల్లగా నడుస్తుంది, పెట్రోలు సరిగా ఆవిరి కాదు, మసి పేరుకుంటుంది, పిస్టన్ రింగులు అతుక్కుంటాయి. కిరోసిన్ మీద నడిపే మోటార్లలో ఇది ఇంకా ఘోరం. పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. ఒక గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి పొయ్యి మీద నెమ్మదిగా కాచు. ఇలాంటి చిన్న టూ స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి 50 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై 60 దాటేసరికి బాగా తెరుచుకుంటుంది. నీ మోడల్‌కు ఎంతో మాన్యువల్లో ఉంటుంది. తెరుచుకోకపోయినా, చల్లారాక మూసుకోకపోయినా కొత్తది వెయ్యి. దాని మూత తీయగానే లోపల తెల్లగా గట్టి పెళ్లలు కనిపిస్తే హెడ్ లోపలా అదే పరిస్థితి అనుకో.

ఆ పెళ్లల్లో ఉప్పు ఉంటుంది, సున్నం ఉంటుంది. ఉప్పు మంచినీళ్లకు కరుగుతుంది. సున్నం కరగదు, దానికి తెల్ల వెనిగర్ నానబెట్టాలి. హెడ్ విప్పి ఉన్నప్పుడు వెనిగర్లో కొన్ని గంటలు నానబెట్టి, మెత్తబడ్డాక చెక్కపుల్లతో గీకి, మంచినీళ్లతో బాగా కడుగు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకు. అది సున్నంతో పాటు అల్యూమినియాన్నీ తింటుంది. యాసిడ్‌తో కడిగిన హెడ్ ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది, గ్యాస్కెట్ కూర్చునే చోట చెదపురుగులు తొలిచినట్టు గుంటలు పడ్డాయి. పని నేర్చుకునే కుర్రాళ్లకు దాన్నే చూపిస్తాను.

హెడ్ బోల్టులు, ఎగ్జాస్టు (పొగ దారి) మూత బోల్టులు విప్పడమే ఈ మొత్తం పనిలో అసలైన కష్టం. ఉప్పునీటి మోటారులో ఉక్కు బోల్టు, అల్యూమినియం బాడీ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. మధ్యలో తెల్లటి పొడి పేరుకుని సిమెంటులా బిగుస్తుంది. పొడవాటి పానా వేసి బలం చూపించావో, బోల్టు తల ఊడి చేతికొస్తుంది. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె పోసి వదిలెయ్. మర్నాడు బోల్టు తల మీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వెయ్యి. విప్పేముందు వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత వదులు చెయ్యి. కదిలితే పావు తిప్పు వదిలి మళ్లీ కొంచెం బిగించు, నూనె పొయ్యి, మళ్లీ వదులు. అప్పటికీ కదలకపోతే బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని చిన్న గ్యాస్ టార్చితో వేడిచెయ్యి. పెట్రోలు ట్యాంకు, పైపు, కార్బొరేటరు అన్నీ తీసి దూరంగా పెట్టాకే టార్చి వెలిగించాలి. రెండుమూడుసార్లు వేడిచేసినా కదలకపోతే ఆపెయ్. లేతు షాపువాడికి ఇచ్చే కూలి, విరిగిన బోల్టును తొలిచి మర కట్టించే ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువే.

ఎగ్జాస్టు మూత దగ్గర ఒక విషయం గమనించు. అక్కడ బయటి మూత, లోపలి పలక, ఆ రెంటికీ ఒక్కో గ్యాస్కెట్ ఉంటాయి. లోపలి గ్యాస్కెట్ పోతే బయటికి ఒక్క చుక్క కారదు, నీళ్లు ఎగ్జాస్టులోకి చేరి అక్కణ్ణుంచి సిలిండర్లోకి వస్తాయి. ప్లగ్గు తడిసిందని హెడ్ గ్యాస్కెట్ మార్చి మార్చి అలసిపోయినవాళ్లలో కొందరి అసలు జబ్బు ఇది. నువ్వు రెండుసార్లు హెడ్ గ్యాస్కెట్ మార్పించావన్నావు, ఎగ్జాస్టు మూత ఎప్పుడైనా విప్పారా అనేది రాయలేదు. పాత మోటారు కాబట్టి ఈసారి తప్పకుండా విప్పు.

పాత గ్యాస్కెట్ అవశేషాలు గీకేటప్పుడు సిలిండర్లలో శుభ్రమైన గుడ్డ కుక్కి మూసెయ్. గ్రైండరు, ఇనుప బ్రష్షు వద్దు. చెక్క, ప్లాస్టిక్కు, లేదా వాలుగా పట్టుకున్న బ్లేడు చాలు. తర్వాత హెడ్ సమంగా ఉందా లేదా చూడాలి. తిన్నని స్టీలు బద్ద అడ్డంగా, నిలువుగా, మూలమూలకు పెట్టి కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడు. చాలా మాన్యువళ్లలో 0.1 మిల్లీమీటరు దాకానే ఒప్పుకుంటారు. రెండుసార్లు కాగిన హెడ్ కాబట్టి నీది వంగి ఉంటుందనే నా అనుమానం. కొద్దిగా వంగితే మందపాటి అద్దం ముక్క మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, నీళ్లు చల్లి, హెడ్‌ని ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పుతూ రుద్దు. మెరిసిన చోట్లు ఎత్తు, మసకగా మిగిలినవి పల్లం. మొత్తం ఒకే రంగులోకి వచ్చాక ఆపు. ఈ పని నేను ఒక గంట, ఒక్కోసారి రెండు గంటలు కూర్చుని చేస్తాను. రేడియో పెట్టుకుని, తొందర లేకుండా. మెషీను మీద ఐదు నిమిషాల్లో అవుతుంది గానీ, మెషీను ఎంత తీసిందో చూసుకోకపోతే కంప్రెషన్ పెరిగి కొత్త తలనొప్పి వస్తుంది. ఎక్కువ వంగిన హెడ్ అయితే మాత్రం మెషీనుకే ఇవ్వు.

ఇప్పుడు నీ సిలికాన్. హెడ్ గ్యాస్కెట్‌కు వద్దు. కంపెనీ గ్యాస్కెట్‌ని శుభ్రమైన, నూనె లేని ముఖాల మధ్య పొడిగా వెయ్యి, మాన్యువల్లో ప్రత్యేకంగా ఏదైనా రాయమంటే తప్ప. సిలికాన్ రాసి బిగిస్తే ఎక్కువైనది లోపలికి పిండుకుని సన్నటి నీళ్ల రంధ్రాల్లోకి చేరుతుంది. కారకుండా రాసిన మందే నీళ్లు ఆపుతుంది, మోటారు మళ్లీ కాగుతుంది. షీటు కత్తిరించి హెడ్ గ్యాస్కెట్ చేసుకోవడమూ వద్దు. మందం మారితే కంప్రెషన్ మారుతుంది, మంటను ఆపే లోహపు రింగు ఆ షీటుకు ఉండదు. థర్మోస్టాట్ మూత లాంటి నీళ్ల మూతకు మాత్రం సామాను దొరక్క ఆగిపోతే అదే మందం గ్యాస్కెట్ కాగితం కత్తిరించుకోవచ్చు. వేసేముందు ప్రతి గ్యాస్కెట్‌నీ పాతదాని మీద పెట్టి రంధ్రాలన్నీ కలుస్తున్నాయో లేదో చూడు. తిరగేసి వేస్తే ఒక నీళ్ల రంధ్రం మూసుకుపోయే మోడళ్లు ఉన్నాయి.

బోల్టుల మరలు శుభ్రం చేసి, నీళ్లకు కరగని గ్రీజు పల్చగా రాయి. మధ్య బోల్టులతో మొదలై బయటికి, ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి. మొదటి విడత సగం, రెండో విడత పూర్తి. ఎంత బిగువో నీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెనే పాటించు, టార్క్ రెంచి లేకపోతే ఎవరిదైనా అడిగి తెచ్చుకో. అల్యూమినియంలో 6 మిల్లీమీటర్ల బోల్టు 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగుతుంది, అంటే మణికట్టు బలం కూడా అక్కర్లేదు. ‘ఇంకొంచెం’ అనుకున్నప్పుడే మర ఊడేది.

మొత్తం బిగించాక డ్రమ్ములో నడిపి చూడు. ప్రొపెల్లర్ తీసేసి, నీళ్లు ప్రొపెల్లర్ పైనున్న పలక మునిగేంత ఎత్తు ఉండాలి. నీళ్లు లేకుండా ఒక్కసారి కూడా స్టార్ట్ చెయ్యకు, రబ్బరు రెక్క కొన్ని సెకన్లలోనే మాడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు దొరికితే రెండు సిలిండర్ల తలల మీదా చూడు, రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. తర్వాత అసలు పరీక్ష మొగ లోపల నీళ్లలో. ఒడ్డుకు దగ్గరగా, ఇంకో బోటు తోడుగా ఉంచుకుని, పూర్తి స్పీడులో పది నిమిషాలు నడిపి, ఆపిన వెంటనే మళ్లీ తల వేడి చూడు. ఆర్యపల్లి మోటారు నాకు నేర్పింది ఇదే, పూర్తి స్పీడు చూడకుండా ఏ మోటారునూ అప్పగించను.

ఇకమీదట చెయ్యాల్సింది పెద్దగా లేదు. వేట నుంచి రాగానే మంచినీళ్ల డ్రమ్ములో పది పదిహేను నిమిషాలు నడుపు. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కితేనే లోపలి దారులు కడుగుతాయి, రెండు నిమిషాలు తిప్పి ఆపితే లాభం లేదు. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగి ప్రయోజనం లేదు, ఊరి బావి నీళ్లు తెచ్చుకో. పైలట్ రంధ్రంలో ఇసుక పడితే సన్నని తీగతో తీసెయ్. మోటారు బాడీకి బదులు తాము కరిగిపోయే జింకు ముక్కలు సగం కరిగాయంటే మార్చు, వాటి మీద రంగు వేస్తే అవి పనిచెయ్యవు. వాడని నెలల్లోనే మోటారు ఎక్కువ పాడవుతుంది, లోపల ఉప్పునీళ్లు అలాగే ఎండి గడ్డకడతాయి. ఋషికుల్య మొగ వైపు తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆంక్షలు ఉంటాయి, ఆ రోజుల్లో కడక్కుండా మూల పెట్టిన మోటార్లే జూన్లో నా దగ్గరికి ఎక్కువ వస్తాయి. మీ మోటారు ఏప్రిల్లో ఒడ్డెక్కాక కడిగారో లేదో నాన్నగారిని అడుగు. లేదంటే ఈ రోజే కడిగి, ఆ తర్వాత విప్పు.

గేరుకేసు దించి, పాత ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టాక ఎన్ని ఉన్నాయో ఇక్కడ రాయి. ఎగ్జాస్టు లోపలి గ్యాస్కెట్ ఫోటో కూడా పెట్టు. అవి రెండూ చూశాకే హెడ్ గ్యాస్కెట్ కొందువుగాని.